చెల్లికి ఫైబ్రోలామెల్లార్ లివర్ క్యాన్సర్ అన్నారు, ఆపరేషన్‌కి ముందు ఏం చూసుకోవాలి? అదే ఆపరేషన్ చేయించుకున్నదాన్ని, నాకు తెలిసింది చెప్తున్నా

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివా. చెల్లికి 21 ఏళ్లు, బీటెక్ ఫైనలియర్, లివర్‌లో ఎడమ వైపు 9 సెంటీమీటర్ల గడ్డ, బయాప్సీలో ఫైబ్రోలామెల్లార్ కార్సినోమా అని వచ్చింది, సర్జన్ గారు మూడు వారాల్లో ఆపరేషన్ అన్నారు, సూర్యాపేటలో మీ పెద్దవాళ్లేమో కత్తి తగిలితే పాకుద్ది వద్దు అంటున్నారు, చెల్లికి ఇంకా క్యాన్సర్ అన్న మాట చెప్పలేదు, నువ్వేమో బెంగుళూరులో కూర్చుని నా లివర్ సగం ఇచ్చేస్తే సరిపోద్దా అని ఆలోచిస్తున్నావు. ఇంతేగా. నాకు ఇదే జబ్బు 2016లో, అప్పటికి 24 ఏళ్లు, నాది కుడి వైపు. ఒక పెద్ద ఆపరేషన్, మూడేళ్లకి లింఫ్ నోడ్, అంటే ఒంట్లో ఉండే చిన్న గ్రంథి, ఒకటి కనబడితే దానికి ఇంకో ఆపరేషన్. నేను డాక్టర్ని కాదు, ఖమ్మంలో పిల్లలకి లెక్కలు చెప్తా, కానీ నా ఫైలు నేనే చదువుకోవడం బాగా నేర్చుకున్నా. మీ చెల్లి స్కాన్ గురించి చివరి మాట మాత్రం మీ సర్జన్‌దే, నాది కాదు.

ముందు సూటిగా చెప్తా. ఆపరేషన్ చేయించండి. ఈ జబ్బుకి ఇప్పటికీ గడ్డని మొత్తంగా తీసేయడాన్ని మించిన వైద్యం లేదు, కీమో, మాత్రలు, ఇమ్యునోథెరపీ ఇవన్నీ ఆపరేషన్ కుదరని వాళ్లకీ, తిరగబెట్టిన వాళ్లకీ వాడి చూస్తారు, ఒక్కోసారి గడ్డ చిన్నదవుతుందేమో అని ముందు కూడా ఇస్తారు, కానీ వాటిని నమ్ముకుని ఆపరేషన్ మానేసే పరిస్థితి లేదు. అందుకే మొదటి ఆపరేషన్ ఒకేసారి శుభ్రంగా అవ్వాలి. రేపే చేసేయండి అని కంగారు పడొద్దు, నాటు మందు వాడి చూద్దాం అని రెండు నెలలు పోగొట్టొద్దు. నీకు మూడు వారాలు దొరికాయి, ఆ మూడు వారాలూ ఆపరేషన్‌కి సిద్ధం అవ్వడానికే వాడు.

కత్తి తగిలితే పాకుద్ది అన్న మాట మా ఇంట్లోనూ వచ్చింది, మా పెద్దనాన్న అయితే నా మంచం పక్కన కూర్చుని అన్నాడు. ఆయన్ని తప్పు పట్టను, ఆయన చూసిన కేసులు అలాంటివి. ఆ రోజుల్లో స్కాన్లు సరిగ్గా లేవు, పొట్ట కోసి చూశాకే లోపల అంతా పాకిందని తెలిసేది, మళ్లీ కుట్టేసి పంపేవాళ్లు, నెలకో రెండు నెలలకో మనిషి పోయేవాడు. ఊళ్లో వాళ్లకి కనబడింది కత్తి, అంతకుముందే పాకి ఉన్న జబ్బు కనబడలేదు. బయాప్సీ సూది వల్ల ఆ దారిలో కణాలు అంటుకునే అవకాశం కొంచెం ఉంటుంది, అది నిజమే, కానీ చాలా తక్కువ, పైగా మీకు బయాప్సీ అయిపోయింది కాబట్టి దాని గురించి ఇక గొడవ అనవసరం. ఆపరేషన్‌లో గడ్డని ముట్టుకోకుండా చుట్టూ మంచి లివర్‌తో కలిపి తీస్తారు, పండుని కోసినట్టు మధ్యలోకి కొయ్యరు. పెద్దాయనకి ఈ మాట నువ్వు ఫోన్లో చెప్తే ఎక్కదు, ఒకసారి ఓపీకి తీసుకెళ్లి సర్జన్ చేత స్క్రీన్ మీద చూపించి చెప్పించు. మా పెద్దనాన్న అక్కడే మెత్తబడ్డాడు.

ఇక జబ్బు సంగతి. లివర్ క్యాన్సర్లలో ఇది వందకి ఒకటి కూడా ఉండదు. మామూలుగా లివర్ క్యాన్సర్ అంటే హెపటైటిస్ బీ, సీ ఉన్నవాళ్లకో, తాగి తాగి లివర్ గట్టిపడిన వాళ్లకో, షుగరు కొవ్వు లివర్ ఉన్నవాళ్లకో వస్తుంది. ఇది అలా కాదు, చక్కటి లివర్‌లో, టీనేజ్ పిల్లలకీ పాతిక ముప్పై లోపు వాళ్లకీ ఎక్కువ వస్తుంది. ఏఎఫ్‌పీ అని లివర్ క్యాన్సర్‌కి చేసే రక్త పరీక్ష కూడా ఎక్కువమందిలో నార్మలే. అందుకే ఎవరికీ అనుమానం రాదు, గడ్డ పెద్దదయ్యి పొట్ట బరువుగా అనిపించేదాకా తెలీదు. నా విషయంలో చుట్టాలు అమ్మని పక్కకి పిలిచి అమ్మాయి హాస్టల్లో ఏమన్నా తాగేదా అని అడిగారు, ఆ మాటకి అమ్మ ఏడ్చినంత రిపోర్ట్ చూసి కూడా ఏడవలేదు. మీకూ ఆ ప్రశ్న వస్తుంది, సిద్ధంగా ఉండు. వంశంలో వస్తుందా, రేపు పెళ్లికి అడ్డమా అని కూడా అడుగుతారు. ఇది వంశపారంపర్యం కాదు. 19వ క్రోమోజోమ్‌లో ఒక చిన్న ముక్క ఎగిరిపోయి రెండు జీన్లు, డీఎన్‌ఏజేబీ1, పీఆర్‌కేఏసీఏ, ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఆ తేడా గడ్డలో మాత్రమే ఉంటుంది, మనిషి మిగతా ఒంట్లో ఉండదు. ఇది 2014లో బయటపడింది, ఆ పేపర్ రాసిన వాళ్లలో ఎలానా సైమన్ అనే అమ్మాయి ఉంది, తనకి 12 ఏళ్లప్పుడు ఇదే జబ్బు వచ్చి ఆపరేషన్ అయింది, స్కూల్లో ఉండగానే న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో వాళ్ల నాన్న ల్యాబ్‌లో దీని మీద పని మొదలుపెట్టింది. వాళ్లు చూసిన 15 గడ్డల్లో 15 లోనూ అదే తేడా దొరికింది. నాకు ఆపరేషన్ ముందు రోజు రాత్రి నిద్ర పట్టక ఇది చదివా, ధైర్యం వచ్చిందని చెప్పను కానీ ఒంటరిగా ఉన్నానన్న ఫీలింగ్ కాస్త తగ్గింది.

పేరు కరెక్టేనా అన్నది ఎందుకు ముఖ్యమో నా అనుభవం చెప్తా. నాకు మొదట తీసిన స్కాన్‌లో గడ్డ మధ్యలో మచ్చ లాంటిది కనబడింది, అది చూసి ఎఫ్‌ఎన్‌హెచ్, అంటే ఫోకల్ నాడ్యులర్ హైపర్‌ప్లేసియా, క్యాన్సర్ కాదు, ఆడపిల్లల్లో మామూలే, ఆరు నెలలకోసారి చూసుకోండి చాలు అన్నారు ఒక చోట. ఎనిమిది నెలలు హాయిగా తిరిగా. ఎక్కడో పేరు చెప్పను, ఇప్పుడు చెప్పి లాభం లేదు. రెండింటిలోనూ మధ్యలో మచ్చ ఉంటుంది, ఎంఆర్ఐలో టీ2 అనే ఫొటోల్లో ఎఫ్‌ఎన్‌హెచ్ మచ్చ తెల్లగా మెరుస్తుంది, మనది ఎక్కువగా నల్లగా ఉంటుంది, సున్నపు చుక్కలు కూడా ఉండొచ్చు. ఆ సంగతి తెలిసిన రేడియాలజిస్ట్ చూసేసరికి అది కాస్తా 7 సెంటీమీటర్ల నుంచి 11 అయింది. మీకు బయాప్సీ వచ్చేసింది కాబట్టి ఆ భయం లేదు, ఐతే ఒక పని చెయ్యి, ల్యాబ్ నుంచి స్లైడ్లు, గడ్డ ముక్క ఉంచిన మైనం బ్లాక్ అడిగి తీసుకుని ఇంకో పెద్ద క్యాన్సర్ ఆసుపత్రిలో పాథాలజీ వాళ్లకి ఒకసారి చూపించు. రిపోర్ట్‌లో సీకే7, సీడీ68 అనే గుర్తులు పాజిటివ్ అని ఉందేమో చూడు, రెండూ ఉంటే పేరు మీద నమ్మకం పెరుగుతుంది, ఇంకా అనుమానం ఉంటే ఆ జీన్ల అతుకు కోసం ఫిష్ టెస్ట్ చేస్తారు. స్లైడ్లు ఇవ్వం అంటే ఊరుకోకు, ఇంకో చోట చూపించడానికని గట్టిగా అడిగితే సంతకం పెట్టించుకుని ఇస్తారు.

మా నాన్న నా బ్లాక్ పట్టుకుని హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో ముంబై టాటా మెమోరియల్‌కి వెళ్లాడు. మే నెల, స్లీపర్ బోగీ. మైనం కరిగిపోద్దేమో అని ఆయన ఆ చిన్న ప్లాస్టిక్ డబ్బాని తడిగుడ్డలో చుట్టి, మజ్జిగ సీసాకి ఆనించి, రాత్రంతా ఒళ్లో పెట్టుకు కూర్చున్నాడట. కౌంటర్లో వాళ్లు అది చూసి నవ్వారట, ఆ మైనం అంత తేలిగ్గా కరగదు, ఎండలో ఆపిన కార్లో వదిలేయకుండా ఉంటే చాలు. నేను ఇప్పటికీ ఆయన్ని ఆటపట్టిస్తా ఆ విషయంలో.

నీ లివర్ ఇవ్వాలనుకోవడం చాలా పెద్ద మనసు, కానీ ఇప్పుడు అవసరం లేదు. ట్రాన్స్‌ప్లాంట్ అంటే జీవితాంతం ఇమ్యూనిటీని తొక్కిపెట్టే మాత్రలు, క్యాన్సర్ ఉన్నవాళ్లకి అది అంత మంచిది కాదు, కొయ్యడానికి కుదిరినప్పుడు కొయ్యడమే మొదటి దారి. లివర్ దాటి ఎక్కడికీ పోకుండా, కొయ్యడానికి మాత్రం కుదరకుండా ఉంటేనే ఆ మాట వస్తుంది. పైగా చెల్లిది ఎడమ వైపు, ఇది మంచి విషయం. లివర్‌ని సర్జన్లు 8 భాగాలుగా చూస్తారు, ఎడమ వైపు తీస్తే 2, 3, 4 పోతాయి, మొత్తం లివర్‌లో అది మూడో వంతు లెక్క, పెద్ద ముక్క కుడిది అలాగే ఉండిపోతుంది. లివర్ బాగున్న మనిషికి మిగిలేది పాతిక ముప్పై శాతమన్నా ఉండాలని చూస్తారు, చెల్లికి అంతకంటే చాలా ఎక్కువే ఉంటుంది, గడ్డ మధ్య రక్తనాళం దాటి కుడి వైపుకి వెళ్లకపోతే. నాకు అలా లేదు. కుడి వైపు మొత్తం, ఇంకాస్త కలిపి తీయాలి, మిగిలేది 22 శాతమే అని వాల్యూమెట్రీలో, అంటే స్కాన్ మీద లివర్ సైజు కొలిచే లెక్కలో, వచ్చింది. అందుకని ముందు పక్కటెముకల మధ్య నుంచి సూది పెట్టి కుడి వైపుకి రక్తం తీసుకెళ్లే పోర్టల్ వెయిన్‌ని మూసేశారు, రక్తమంతా ఎడమ వైపుకి మళ్లితే అది పెరుగుతుంది అన్నమాట, కాలువకి అడ్డం వేసి నీళ్లు పక్క మడికి మళ్లించినట్టు. నాలుగు వారాలు ఆగి మళ్లీ స్కాన్ తీస్తే 31 అయింది. ఆ నాలుగు వారాలు లోపల క్యాన్సర్ పెట్టుకుని ఇంట్లో టీవీ చూస్తూ కూర్చోవడం ఆపరేషన్ కంటే కష్టం, నిజంగా. మీ సర్జన్ని మిగిలే లివర్ ఎంత శాతం సార్ అని ఒక్క ప్రశ్న అడుగు, నంబర్ చెప్తారు.

ఇంకో ప్రశ్న తప్పకుండా అడగాలి, లింఫ్ నోడ్లు కూడా తీస్తారా అని. మామూలు లివర్ క్యాన్సర్‌కి నోడ్లు అంతగా పట్టించుకోరు, కానీ ఈ రకం లివర్ మూలంలో ఉండే నోడ్లకి పాకే గుణం ఎక్కువ, అందుకే గడ్డతో పాటు అక్కడి నోడ్లన్నీ కూడా ఊడ్చినట్టు తీయాలి. నాకు మొదటిసారి రెండే నోడ్లు తీశారు, మూడేళ్లకి అదే చోట ఇంకోటి లేచింది. అప్పుడే ఇంకొన్ని తీసుంటే రెండో ఆపరేషన్ ఉండేది కాదు అని ఎవరూ గ్యారంటీగా చెప్పలేరు, కానీ నాకు ఆ ప్రశ్న అడగడం తెలీదు, నీకు తెలుసు ఇప్పుడు. అలాగే ఛాతీ సీటీ తీశారా చూడు, ఊపిరితిత్తుల్లో ఏమీ లేదని తెలిశాకే లోపలికి తీసుకెళ్లాలి. లివర్ ఆపరేషన్లు వారం వారం చేసే టీమ్ దగ్గరే చేయించండి, జనరల్ సర్జన్ ఎంత మంచివాడైనా సరే. సార్ మీరు ఈ రకం ఎన్ని చేశారు అని అడగడానికి మొహమాటపడకు, ఇది అరుదు కాబట్టి ఒకటో రెండో అంటారు, పర్లేదు, లివర్ కోతలు మొత్తం ఎన్ని చేశారన్నదే లెక్క. సెకండ్ ఒపీనియన్ అంటే డాక్టర్‌కి కోపం వస్తుంది అని మన వాళ్లకో భయం, నా సర్జన్ అయితే స్వయంగా సీడీ చేతికిచ్చి వెళ్లి రండి అన్నారు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. చెల్లికి చెప్పండి. నువ్వు రాసిన దాంట్లో నాకు బాధ అనిపించింది అదే. గడ్డ ఉంది తీసేస్తారు అని మాత్రం చెప్పాం అన్నావు. నాకూ అలాగే చెప్పారు. నేను ఓపీ చీటీ మీద పొట్టి అక్షరాల్లో ఎఫ్‌ఎల్‌సీ, అంటే ఈ జబ్బు పేరే, అని ఉంటే బాత్రూంలో కూర్చుని ఫోన్లో వెతికా. వచ్చినవన్నీ చదివేసి బయటకొచ్చి, ఇంట్లో వాళ్లు దాస్తున్నారు కదా వాళ్ల కోసం నేనూ తెలియనట్టు ఉండాలి అని 11 రోజులు నటించా. అమ్మ వంటింట్లో ఏడ్చేది, నేను దుప్పట్లో. ఒకే ఇంట్లో నలుగురం ఒకరికొకరం నాటకం. బీటెక్ ఫైనలియర్ అమ్మాయి, చేతిలో ఫోన్ ఉంది, రిపోర్ట్ పీడీఎఫ్ ఫ్యామిలీ గ్రూప్‌లో తిరిగే ఉంటుంది, తనకి తెలీదని మీరు అనుకుంటున్నారంతే. పైగా ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టాల్సింది తనే, 18 దాటింది. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు, నువ్వు ఒక వీకెండ్ వచ్చి పక్కన కూర్చుని, ఇది క్యాన్సరే, కానీ తీసేయగలిగే చోట ఉంది, తీసేస్తారు, తర్వాత స్కాన్లతో కాపలా కాస్తాం, నీకేం అడగాలనుంది అని అడుగు. తర్వాత నోరు మూసుకుని కూర్చో. మొదట ఏమీ అడగదు. రాత్రికి అడుగుతుంది. ఇంకోటి, గూగుల్లో లివర్ క్యాన్సర్ అని కొడితే వచ్చే ఆ భయంకరమైన లెక్కలు సిర్రోసిస్ ఉన్న అరవై ఏళ్ల వాళ్లవి, వాటిని చెల్లికి అంటగట్టకండి. అలాగని ఇది తేలికైందని కూడా చెప్పను, తిరగబెట్టే గుణం ఉంది దీనికి, అది కూడా తనకి ముందే తెలియాలి, రేపు స్కాన్‌లో ఏదన్నా కనబడితే నాకు అబద్ధం చెప్పారు అనుకోకూడదు కదా.

తనకి చెప్తే ఇంకో లాభం, తయారీ మొత్తం తన చేతిలో ఉంటుంది. మెడికల్ షాపులో స్పైరోమీటర్ దొరుకుతుంది, మూడు గదులు, మూడు రంగు బంతులు, గొట్టం నోట్లో పెట్టుకుని పీలిస్తే బంతులు లేవాలి. చాలామంది ఊదుతారు, ఊదడం కాదు, పీల్చాలి. లివర్ పైనే కుడి ఊపిరితిత్తి ఉంటుంది, ఆపరేషన్ తర్వాత నొప్పికి గాలి సరిగ్గా పీల్చక అక్కడ కఫం చేరి జ్వరం వస్తుంది, ఈ బంతులు ముందు నుంచే అలవాటైతే అది తగ్గుతుంది. రోజూ గంట నడక. హిమోగ్లోబిన్ ఎంతుందో చూడండి, మన ఆడపిల్లల్లో తొమ్మిది పది మామూలే, తక్కువుంటే ఐరన్ ఇప్పుడే మొదలుపెట్టమని అడగండి. గుడ్లు, పప్పు, చేప, పెరుగు బాగా తిననివ్వండి. నేల ఉసిరి పసరు, తిప్పతీగ కషాయం, ఆన్‌లైన్లో లివర్ క్లీన్ చేసే పొడి, ఏవైనా సరే ఆపేయండి, తిప్పతీగతో మంచి లివర్లే దెబ్బతిన్న కేసులు కరోనా టైంలో మన దేశంలో డాక్టర్లు రాశారు, ఏం తాగుతున్నామో మత్తు డాక్టర్‌కి దాచకుండా చెప్పండి. రక్తం ఇచ్చేవాళ్లని నలుగురైదుగుర్ని ముందే చూసిపెట్టు, కాలేజీ ఫ్రెండ్స్ వస్తారు, నాకు వచ్చిన ముగ్గురూ క్లాసులో నాతో మాట్లాడని వాళ్లు. డేట్ విషయంలో మా నాన్న మంగళవారం వద్దు, అమావాస్య దాటాలి, వర్జ్యం లేకుండా చూడండి అని బేరం పెడితే ఓటీ ఇన్‌ఛార్జ్ సిస్టర్ ఇది పెళ్లి హాలు కాదు బాబాయ్ అంది. పీరియడ్స్ డేట్ తగిలినా ఆపరేషన్ ఆగదు, సిస్టర్‌కి చెప్తే చాలు, చెల్లి సిగ్గుపడి చెప్పకుండా ఉంటుందేమో, అమ్మని అడగమను.

ఆపరేషన్ రోజు మీకు బయట కూర్చునే పనే. నాది ఏడు గంటలు పట్టింది, చెల్లిది అంత పట్టకపోవచ్చు. లోపల లివర్‌కి వెళ్లే రక్తాన్ని పదిహేను నిమిషాలు బిగించి, ఐదు నిమిషాలు వదిలి, మళ్లీ బిగించి అలా కోస్తారు, అందుకే టైం పడుతుంది, ఆలస్యమైందని ఏదో అయిపోయిందని అనుకోవద్దు. ఐసీయూలో చూసినప్పుడు భయపడతారు, మెడలో ఒక లైన్, వీపులో నొప్పికి సన్న గొట్టం, ముక్కులో ఒకటి ఉండొచ్చు, యూరిన్ బ్యాగు, పొట్ట పక్క నుంచి డ్రెయిన్. మొహం ఉబ్బి ఉంటుంది. మా అమ్మ నన్ను గుర్తుపట్టక పక్క బెడ్ దగ్గర నిలబడింది. మర్నాడే కూర్చోబెడతారు, రెండో రోజు నడిపిస్తారు, ఆ సిస్టర్లని తిట్టుకుంటాం కానీ వాళ్లు చేసేదే రైట్. ఒక వింత నొప్పి గురించి ఎవరూ ముందు చెప్పరు, కుడి భుజం నొప్పి. కోసింది పొట్టలో, లాగేది భుజంలో. గుండె నొప్పేమో అని హడలిపోయా, పొట్టకీ ఛాతీకీ మధ్య ఉండే పొర ఒరుసుకుంటే ఆ నొప్పి భుజంలో తెలుస్తుందట, రెండు మూడు రోజుల్లో పోయింది.

మొదటి కొన్ని రోజులు లివర్ పనితీరు చెప్పే రక్త పరీక్షలు, బిలిరుబిన్, ఐఎన్‌ఆర్ పెరుగుతాయి, తర్వాత దిగాలి, ఐదో రోజు నంబర్లు ఎలా ఉన్నాయన్నది డాక్టర్లు ప్రత్యేకంగా చూస్తారు, నువ్వూ ఒక కాగితం మీద రోజువారీ రాసిపెట్టు. డ్రెయిన్‌లో మొదట పల్చని ఎర్ర నీళ్లు, తర్వాత లేత పసుపు, అది మామూలే. ముదురు ఆకుపచ్చ, ఆవనూనె రంగులోకి తిరిగితే పైత్యరసం లీకవుతుందేమో అని సిస్టర్‌కి చూపించు, చాలాసార్లు డ్రెయిన్ కొన్నాళ్లు ఉంచితేనే ఆగిపోతుంది, లేకపోతే ఎండోస్కోపీలో స్టెంట్ వేస్తారు. రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద చిన్న ఇంజెక్షన్లు ఇస్తారు, క్యాన్సర్ ఆపరేషన్లకి ఒక్కోసారి ఇంటికొచ్చాక కూడా నాలుగు వారాల దాకా రాస్తారు, అవి మానొద్దు. పారాసిటమాల్ కూడా వాళ్లు చెప్పిన లెక్కకి మించి వెయ్యొద్దు.

ఇంటికొచ్చాక అసలు యుద్ధం పత్యంతో. మా అత్త వచ్చి గుడ్డు పెడితే చీము పడుతుంది, పప్పు తింటే కుట్లు పుండవుతాయి, వంకాయ వాతం అని రెండు వారాలు బీరకాయ, పొట్లకాయ, చారన్నం పెట్టింది. లివర్ పెరిగే టైంలో ప్రొటీన్ లేకుండా చేస్తే ఎట్లా పెరుగుద్ది చెప్పు. నాకు రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పడిపోయి కాళ్లు వాచాయి, రివ్యూకి వెళ్తే డైటీషియన్ అమ్మని కూర్చోబెట్టి రోజుకి ఎన్ని గుడ్లు పెట్టాలో కాగితం మీద రాసిచ్చింది, ఆ కాగితం ఫ్రిజ్‌కి అతికించాక అత్త తగ్గింది. మీరు డిశ్చార్జ్ రోజే ఆ కాగితం రాయించుకోండి. తీసేసిన ముక్క మళ్లీ మొలవదు, మిగిలిన ముక్కే లావవుతుంది, ఎక్కువ భాగం మొదటి రెండు మూడు నెలల్లోనే, అప్పటిదాకా ఊరికే అలసట వస్తుంది, బద్ధకం అనొద్దు.

డబ్బు సంగతి క్లుప్తంగా. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ ఉంటే ముందు అక్కడికి వెళ్లు, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు, ఈ ఆపరేషన్ ఏ ప్యాకేజీ కింద వస్తుందో వాళ్లే చూసి చెప్తారు. సీఎం రిలీఫ్ ఫండ్ ఎల్‌ఓసీ, అంటే ఖర్చు ప్రభుత్వం ఇస్తుందని ఆసుపత్రికి ముందే రాసే లెటర్, కావాలంటే ఆపరేషన్‌కి ముందే పెట్టుకోవాలి, అయ్యాక పెడితే బిల్లుల దారిలో వెళ్లాల్సి వస్తుంది. నీ కంపెనీ ఇన్సూరెన్స్‌లో చెల్లెలు మామూలుగా రాదు, నాన్నగారి పాలసీ ఉందేమో చూడు.

తీసిన గడ్డ రిపోర్ట్ పది రోజుల్లో వస్తుంది. అందులో మూడు లైన్లు చూడు, అంచులు క్లీన్‌గా ఉన్నాయా, ఎన్ని నోడ్లు తీశారు ఎన్నింట్లో ఉంది, రక్తనాళాల్లోకి వెళ్లిందా. అన్నీ బాగుంటే తర్వాత మందు ఏమీ ఇవ్వకపోవచ్చు, మందు ఇవ్వలేదని కంగారు పడొద్దు, ఆపరేషన్ తర్వాత ఇస్తే లాభం అని తేలిన మందు దీనికి లేదు. మొదటి రెండేళ్లు మూడు నాలుగు నెలలకోసారి పొట్ట, ఛాతీ స్కాన్, తర్వాత ఆరు నెలలకి, మూడేళ్లయింది కదా అని మానేస్తే కుదరదు, ఇది చాలా ఏళ్లకి కూడా వస్తుంది. విటమిన్ బీ12 ఒకసారి చేయించి రాసిపెట్టుకోండి, ఈ గడ్డ ఉన్న కొంతమందిలో అది బాగా ఎక్కువ ఉంటుంది. నాకు 2000 దాటి ఉంటే మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు, మాత్రలు ఎక్కువ మింగుతున్నావా అని జోక్ వేశారు. ఇంకొకటి, ఎప్పుడైనా సరే, ఇవాళో ఐదేళ్లకో, చెల్లి మత్తుగా ఉన్నా, మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా నీరసం అనుకోకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లి అమోనియా టెస్ట్ చెయ్యండి అని నోరు తెరిచి అడుగు. ఈ జబ్బులో లివర్ నంబర్లు బాగున్నా అమోనియా పెరగొచ్చు, తెలీని డాక్టర్‌కి ఆ ఆలోచన రాదు.

డిశ్చార్జ్ రోజు కార్లో ఒక మెత్తటి దిండు పెట్టుకోండి, కుట్ల మీద రెండు చేతులతో అదిమి పట్టుకోమను, దగ్గొచ్చినా తుమ్మొచ్చినా అదే. హైదరాబాద్ నుంచి ఖమ్మం దాకా స్పీడ్ బ్రేకర్లు 43 లెక్కపెట్టా నేను, నీకు సూర్యాపేట దాకానే కాబట్టి సగం తగ్గుతాయి. మిగిలే లివర్ శాతం ఎంత చెప్పారో, నోడ్ల గురించి సర్జన్ ఏమన్నారో ఇక్కడే రాయి, చూస్తా. చెల్లి మాట్లాడతానంటే కూడా చెప్పు, సాయంత్రం ఆరు తర్వాత ఖాళీయే.